సైలెన్సర్ మారిస్తే మారేదేమిటి?

స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లలో చాలామంది ముందుగా మార్చాలనుకునేది దాని ఎగ్జాస్ట్‌నే. కారుతోపాటు వచ్చిన సైలెన్సర్‌ని విప్పించి అమెరికా బోర్లావారిదో, జపాన్ హెచ్‌కెఎస్‌వారిదో, స్లొవేనియాలో తయారయ్యే ఆక్రాపోవిచ్ టైటానియం గొట్టమో బిగించుకుంటారు. స్పోర్ట్స్ కారు లేనివాళ్లకి ఈ సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. కారు కొన్నది ఒక్కరే అయినా దాని మోత వినేది వీధి అంతా. కాబట్టి ఇది చెవులున్న అందరి విషయమూ. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఎగ్జాస్ట్ మార్చేందుకు పెట్టే డబ్బుకి చేతికొచ్చేది శక్తి కాదు, దాదాపుగా అంతా శబ్దమే. ఈ నిజాన్ని కొనేవాళ్లు ముందే ఒప్పుకుంటే ఎలాంటిది కొనాలి, ఎంతవరకు మార్చాలి, ఎక్కడ ఆగాలి అన్నవన్నీ తేలిగ్గా తేలిపోతాయి. శక్తి కోసమే మారుస్తున్నామని సర్దిచెప్పుకుంటే మాత్రం ప్రతి మెట్టు దగ్గరా తప్పు లెక్కే వస్తుంది.

ముందు కంపెనీ ఎగ్జాస్ట్ ఏం చేస్తుందో చూద్దాం. ఫోర్డ్ మస్టాంగ్ జీటీని ఉదాహరణగా తీసుకుంటాను. 2016లో మన దేశంలోనూ అమ్మకానికి వచ్చిన కారు ఇది. అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన కుర్రాళ్లలోనూ దీనిమీద మనసుపడేవాళ్లున్నారు. దాని బానెట్ కింద 5 లీటర్ల వీ8 ఇంజిన్ ఉంటుంది. సిలిండర్‌లో ఇంధనం మండి, ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే వేడి వాయువు ఒక్క ఉదుటున బయటికి దూకుతుంది. పెట్రోలులో ఉన్న శక్తిలో సుమారు మూడో వంతు ఈ వేడితోనే వెళ్లిపోతుంది. ఆ వాయువు సిలిండర్ల గొట్టాలను ఒకటిగా కలిపే మానిఫోల్డ్ దాటి, క్యాటలిటిక్ కన్వర్టర్‌లో శుభ్రపడి, మధ్య గొట్టం, రెజొనేటర్, సైలెన్సర్ గుండా కారు వెనక్కి చేరుతుంది. సంప్రదాయ సైలెన్సర్ డబ్బాని కోసి చూస్తే లోపల అరలు, అరల మధ్య పొట్టి గొట్టాలు కనిపిస్తాయి. వాటిలో ఏ కొలతా ఊరికే పెట్టింది కాదు. ఒక శబ్దతరంగం అరలోకి వెళ్లి గోడకు తగిలి తిరిగొచ్చేసరికి, వెనక నుంచి వస్తున్న తరంగానికి సరిగ్గా ఎదురై రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా లెక్కగట్టి పెడతారు. బయట దొరికే సైలెన్సర్లు ఎక్కువగా వేరే పద్ధతిలో ఉంటాయి. నడుమ సూటిగా పోయే చిల్లుల గొట్టం, దాని చుట్టూ గాజునార. ఇది కీచుగా ఉండే పై శ్రుతులను బాగా పీల్చుకుంటుంది గాని కింది శ్రుతులను అంతగా ఆపలేదు. పైగా ఆ నార వేడికి కాలి, కొంచెం కొంచెంగా ఎగిరిపోతుంది. కొన్న కొత్తలో ఇంపుగా ఉన్న మోత కొన్నేళ్లకు మొరటుగా తయారవడానికి ఇదే కారణం.

దారి సూటిగా ఉంటే వాయువు సులువుగా పోతుంది కదా, అప్పుడు ఇంజిన్‌కి బలం పెరుగుతుంది కదా అని అమ్మేవాళ్లు చెబుతారు. సూత్రం నిజమే. వాయువును బయటికి నెట్టడానికి పిస్టన్ కొంత శ్రమపడుతుంది. అడ్డు తగ్గితే ఆ శ్రమ తగ్గుతుంది. కానీ ఎంత తగ్గుతుందన్నదే అసలు ప్రశ్న. టర్బో లేని కారులో క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాతి భాగాలు మాత్రమే మారిస్తే వచ్చేది మహా అయితే ఒకటి రెండు శాతం, అదీ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఇంజిన్‌ని చివరిదాకా తిప్పినప్పుడు. ఈ ఒకటి రెండు శాతం ఎంతటిదో తెలియడానికి మన వాతావరణాన్నే కొలబద్దగా తీసుకోండి. గాలి వేడెక్కితే పలచబడుతుంది, ఇంజిన్‌కి అందే ఆక్సిజన్ తగ్గుతుంది. హైదరాబాద్‌లో జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీలు, మే మధ్యాహ్నం 40 డిగ్రీలు ఉంటుందనుకుంటే, ఏ నట్టూ విప్పకుండానే అదే కారు బలంలో సుమారు 4 శాతం తేడా వస్తుంది. ఆ తేడాని రోడ్డు మీద గుర్తుపట్టే డ్రైవర్ అరుదు. అంతకంటే చిన్న లాభాన్ని గుర్తుపట్టామని చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారని నేను అనను. మోత పెరిగితే వేగం పెరిగినట్టు మనసుకి తోస్తుంది. చెవికి అందినదాన్ని ఒళ్లు నమ్ముతుంది. ఇంజిన్ బలాన్ని కొలిచే డైనో యంత్రం మీద తీసిన చీటీలు చూపించినా, మార్పుకి ముందు తీసినదీ తర్వాత తీసినదీ ఒకే ఉష్ణోగ్రతలో, ఒకే యంత్రం మీద, ఒకే టైర్ ప్రెషర్‌తో తీశారా అని అడగకుండా నమ్మకూడదు.

దీనికి ఎదురుగా మెకానిక్ షెడ్లలో మరో మాట వినిపిస్తుంది, ఇంజిన్‌కి కొంత బ్యాక్ ప్రెషర్ ఉండాలి, లేకపోతే పికప్ పోతుందని. ఇదీ సరికాదు. ఏ ఇంజిన్‌కీ అడ్డంకితో పని లేదు. దానికి కావలసింది వాయువు వేగం, తరంగాల సమయం. వాల్వ్ దగ్గర పుట్టిన పీడన తరంగం గొట్టం తెరుచుకునే చోటికి వెళ్లి, అక్కడినుంచి పీల్చే తరంగంగా మారి వెనక్కి వస్తుంది. అది సరిగ్గా గాలి లోపలికొచ్చే వాల్వ్, పొగ బయటికిపోయే వాల్వ్ రెండూ కాస్త తెరిచి ఉన్న క్షణంలో చేరితే, మిగిలిపోయిన పొగను లాగేసి కొత్త గాలికి చోటిస్తుంది. వేణువులో గాలి ఎంత దూరం పోయి తిరిగొస్తుందన్నదే స్వరాన్ని తేల్చినట్టు, ఇక్కడ గొట్టం పొడవు ఏ ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ బాగా లాగుతుందో తేలుస్తుంది. అవసరానికి మించి లావుపాటి గొట్టం వేస్తే వాయువు వేగం మందగించి, ఊళ్లో నడిపే తక్కువ ఆర్‌పీఎంలో లాగుడు తగ్గుతుంది. బ్యాక్ ప్రెషర్ పోవడం వల్ల నష్టం వచ్చిందనుకునేవాళ్లు చూసిన నష్టం నిజమైనదే, చెప్పుకున్న కారణమే వేరు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. కంపెనీవాళ్లు దేవుళ్లేం కాదు, ఖర్చు తగ్గించుకోవడానికీ ప్రపంచమంతటికీ ఒకే డిజైన్ సరిపెట్టడానికీ రాజీపడతారు, ఆ రాజీని సరిదిద్దితే తప్పేమిటి అని. ఈ వాదనలో బలముంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. 2012లో వచ్చిన టొయోటా 86 ఇందుకు మంచి సాక్ష్యం. దాని 2 లీటర్ల ఇంజిన్ 4,000 ఆర్‌పీఎం చుట్టుపక్కల, సరిగ్గా రోడ్డు మీద ఎక్కువగా వాడే చోట, కాసేపు నీరసపడేది. మానిఫోల్డ్ మార్చి, ఇంజిన్ కంప్యూటర్‌లో లెక్కలు సరిచేసినవాళ్లు ఆ లోటును చాలావరకు పూడ్చగలిగారు. టొయోటా కూడా తర్వాతి తరంలో ఇంజిన్‌ని 2.4 లీటర్లకు పెంచి ఆ గుంటను పూడ్చింది. అంటే నిజమైన ఫలితం కావాలంటే చెయ్యి పెట్టాల్సింది ఇంజిన్‌కి ఆనుకుని ఉన్న భాగాల మీద. టర్బో కార్లలోనూ అంతే, టర్బోలోని టర్బైన్ వెంటనే వచ్చే డౌన్‌పైప్ అనే గొట్టం మారిస్తే లాభం కళ్లకి కనిపిస్తుంది. చిక్కంతా ఏమిటంటే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉండేదీ అక్కడే. టొయోటా 86లో మొదటి కన్వర్టర్ మానిఫోల్డ్‌లోనే కలిసి ఉంటుంది. బలం నిజంగా దొరికే చోట గాలిని పాడుచేయకుండా మార్చడం కష్టం, గాలికి హాని లేకుండా మార్చగల చోట బలం దొరకదు. సైలెన్సర్ మార్పు గురించి ఇంత స్పష్టంగా చెప్పేవాళ్లు దుకాణాల్లో తక్కువ.

బరువు సంగతీ చెప్పాలి. టైటానియం ఉక్కులో సుమారు 57 శాతమే బరువు తూగుతుంది కాబట్టి కొన్ని కిలోలు తప్పక తగ్గుతాయి. ఇంజిన్, సైలెన్సర్ రెండూ వెనక చక్రాల వెనక్కి వేలాడే పోర్షె 911లో ఆ కిలోలకు కొంచెం విలువ ఉంది. 1,700 కిలోలు దాటే మస్టాంగ్‌లో 8 కిలోలు తగ్గడమంటే అర శాతం కూడా కాదు.

మిగిలింది శబ్దం. శబ్దం కోసం డబ్బు పెట్టడాన్ని నేను చులకన చేయను. కారు మోతలో నిజంగానే అందముంది, ఆ అందానికి ఇంజిన్ నిర్మాణంలోనే మూలముంది. మస్టాంగ్ వీ8లో క్రాంక్ షాఫ్ట్ మలుపులు అడ్డంగా, శిలువ ఆకారంలో ఉంటాయి. రెండు వరుసల్లో నాలుగేసి సిలిండర్లు. మొత్తం ఇంజిన్ ప్రతి 90 డిగ్రీలకోసారి సమానంగా పేలుతుంది గాని, ఒక్కో వరుసని విడిగా చూస్తే ఆ వ్యవధి 90, 180, 270, 180 డిగ్రీలుగా మారుతూ ఉంటుంది. ఆ ఎగుడుదిగుడు లయే అమెరికన్ వీ8కి ప్రత్యేకమైన ఆ గుడగుడని ఇస్తుంది. రెండు వరుసల గొట్టాలను మధ్యలో ఎక్స్ ఆకారంలో కలిపితే లయ కాస్త సర్దుకుని మోత సన్నగా, పదునుగా మారుతుంది. హెచ్ ఆకారంలో కలిపితే లోతు మిగులుతుంది. లెక్సస్ ఎల్‌ఎఫ్‌ఏ కారు కేవలం 500 మాత్రమే తయారైంది, దాని వీ10 ఇంజిన్ పలికే తీరును యమహా నిపుణులతో కలిసి తీర్చిదిద్దారు. వాయిద్యాలు తయారుచేసే సంస్థని ఈ పనికి పిలిచారంటే, ఇంజనీర్లు శబ్దాన్ని ఎంత గౌరవంగా చూశారో తెలుస్తుంది. నా వాదన కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. నాదానికి గుణం వేరు, బిగ్గరతనం వేరు. గుణాన్ని మార్చడానికి గొట్టాల పొడవు, కలిపే తీరు, రెజొనేటర్ పరిమాణం ఆలోచించాలి. బిగ్గరతనం పెంచడానికి ఆలోచనే అక్కర్లేదు, అడ్డున్నది తీసేస్తే చాలు. చవకలో మార్చేవాళ్లకి దొరికేది రెండోదే.

దీని మొదటి దెబ్బ తగిలేది కారు లోపల కూర్చున్నవాళ్లకే. వీ8 ఇంజిన్‌లో క్రాంక్ ఒక్కసారి తిరిగితే నాలుగు పేలుళ్లు. టాప్ గేర్‌లో 1,800 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పోతుంటే సెకనుకు 120 పేలుళ్లు, అంటే 120 హెర్ట్జ్ శ్రుతి. గాజునార ఆపలేని కింది శ్రుతి అదే. కారు లోపలి ఖాళీ కూడా ఆ ప్రాంతంలోనే ప్రతిధ్వనిస్తే, డ్రోన్ అని కార్లవాళ్లు చెప్పుకునే ఏకధాటి హోరు మొదలవుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ 270 కిలోమీటర్ల దారంతా ఆ హోరును భరించాక, తీసేసిన పాత సైలెన్సర్‌ని వెతుక్కుని మళ్లీ బిగించుకోవాలనిపిస్తే ఆశ్చర్యమేముంది. మంచి తయారీదారులు ఇందుకు విరుగుడుగా ఒక చివర మూసిన పక్క గొట్టం పెడతారు. వేడి వాయువులో శబ్దం సెకనుకు సుమారు 540 మీటర్ల వేగంతో పోతుంది కాబట్టి, 120 హెర్ట్జ్‌ని రద్దు చేయడానికి ఆ గొట్టం ఒక మీటరు పైచిలుకు పొడవు ఉండాలి. ఇలాంటి లెక్క చేసి అమ్మేదానికీ, వెల్డింగ్ షాపులో అరగంటలో అతికించేదానికీ ధరలో తేడా ఉండటం న్యాయమే.

రెండో దెబ్బ బయటివాళ్లకి. శబ్దతీవ్రత 10 డెసిబెల్స్ పెరిగితే మన చెవికి రెట్టింపైనట్టు అనిపిస్తుంది. కానీ వినేవాళ్ల సంఖ్యని చూస్తే లెక్క ఇంకా పెద్దది. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మన నిబంధనల ప్రకారం కొత్త ప్యాసింజర్ కారు పరీక్షలో 7.5 మీటర్ల దూరాన 74 డెసిబెల్స్ మించకూడదు. సైలెన్సర్ తీసేసి దాన్ని 94కి చేర్చారనుకోండి. ఇంతకుముందు 7.5 మీటర్ల దగ్గర వినిపించిన మోత ఇప్పుడు 75 మీటర్ల దూరంలో వినిపిస్తుంది. దూరం పదింతలైతే ఆ పరిధిలోకి వచ్చే నేల వందింతలు. గోడలు కొంత అడ్డుకుంటాయి నిజమే, అయితే రెండు వైపులా ఎత్తైన భవనాలున్న మాదాపూర్, గచ్చిబౌలి లాంటి చోట అవే గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి కూడా. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు సగటు శబ్దం 45 డెసిబెల్స్ లోపే ఉండాలని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. అర్ధరాత్రి ఒక్క కారు వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పోతే నిద్ర చెడేది పసిపిల్లలకీ, రాత్రి మాత్ర వేసుకుని అప్పుడే నిద్రలోకి జారుకున్న పెద్దవాళ్లకీ, తెల్లారి డ్యూటీకి పోవాల్సినవాళ్లకీ. నా కారు, నా డబ్బు, నా ఇష్టం అనే వాదనకి నా జవాబు ఇదే. సీటు కవర్లు, రంగు, చక్రాలు మీ ఇష్టం. శబ్దం మాత్రం బిగించిన మరుక్షణం మీ ఆస్తి హద్దు దాటిపోతుంది.

ఈ లెక్క కంపెనీలకీ తెలుసు. ఫోర్డ్ ఇంజనీర్ ఒకరు తన షెల్బీ జీటీ350 మస్టాంగ్‌ని ఇంటి ముందు నుంచి వెనక్కి తీస్తున్నప్పుడు ఇరుగుపొరుగువాళ్లు పోలీసులకు ఫోన్ చేశారు. ఆ అనుభవం నుంచి పుట్టిన ఆలోచనతో 2018 మస్టాంగ్‌లో నిశ్శబ్దంగా స్టార్ట్ అయ్యే ఏర్పాటు వచ్చింది. ఎగ్జాస్ట్ గొట్టంలోని వాల్వ్‌లు మూసుకుని 82 డెసిబెల్స్ దగ్గరున్న మోతను 72కి దించుతాయి. రాత్రి ఫలానా వేళ నుంచి ఉదయం ఫలానా వేళ దాకా మూసే ఉండాలని ముందుగానే పెట్టుకోవచ్చు. శబ్దాన్ని ప్రేమించేవాళ్లు కనిపెట్టిన పరిష్కారం కాబట్టి దీన్ని నేను ఎక్కువగా గౌరవిస్తాను.

బిగ్గర సైలెన్సర్ ప్రాణాలు కాపాడుతుంది, ముందున్నవాళ్లు విని పక్కకి తప్పుకుంటారు అని కొందరంటారు. మన ఊళ్లలో ఈ మాట బుల్లెట్ బండ్లవాళ్ల నోట ఎక్కువగా వినిపిస్తుంది. గొట్టం మూతి వెనక్కి తిరిగి ఉంటుంది, ప్రమాదాలు ఎక్కువగా ఎదురయ్యేది ముందు నుంచి. అద్దాలు ఎత్తి, ఏసీ, పాటలు పెట్టుకున్న కారులోకి ఆ మోత చేరేసరికి బండి దగ్గరకి వచ్చేసి ఉంటుంది. పైగా లోతైన హోరు ఏ దిక్కునుంచి వస్తోందో చెవి సరిగా పోల్చుకోలేదు. హెచ్చరించడానికి హారన్ ఉంది, లైట్లున్నాయి. నిమిషానికి వేలసార్లు హెచ్చరించేది హెచ్చరికే కాదు.

క్యాటలిటిక్ కన్వర్టర్ విషయంలో మాత్రం నాకు ఏ మొహమాటమూ లేదు. దాన్ని తీసేయడం తప్పు. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత పూసిన ఆ తేనెపట్టు గదుల్లో కార్బన్ మోనాక్సైడ్, కాలని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు మూడూ ఒకేసారి తొంభై శాతం పైగా తగ్గిపోతాయి. మన దేశంలో 1995 ఏప్రిల్‌లో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలలో కొత్త పెట్రోలు కార్లకి దీన్ని తప్పనిసరి చేశారు, దానికోసమే సీసం లేని పెట్రోలు తెచ్చారు. అక్కడినుంచి 2020 ఏప్రిల్‌లో దేశమంతటా బీఎస్6 కాలుష్య ప్రమాణాల దాకా రావడానికి పాతికేళ్లు పట్టింది. ఒక్క గొట్టం మార్పుతో, కన్వర్టర్ వెనక ఉండే ఆక్సిజన్ సెన్సర్‌ని మాయపుచ్చే ఒక్క ప్రోగ్రాంతో, ఒక కారు ఆ పాతికేళ్లనూ వెనక్కి తిప్పేస్తుంది. ఉన్నవి నాలుగు కార్లే కదా అంటారు. ఆ నాలుగు కార్ల వెనక ట్రాఫిక్‌లో ఆటో నడిపేవాళ్ల ఊపిరి లెక్కలోకి రాదా?

చట్టం ఏమంటుందో కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ తర్వాత, శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను మీరితే మూడు నెలల దాకా జైలు, లేదా పది వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ, వాటితోపాటు మూడు నెలలు లైసెన్స్ రద్దు. పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్ రోలర్ కింద తొక్కించడం మన నగరాల్లోనూ చూశాం. అయితే అన్నిటినీ ఒకే గాటన కట్టడం నాకు పూర్తిగా నచ్చదు. యూరప్‌లో బయటి కంపెనీ సైలెన్సర్‌ని పరీక్షించి, ప్రమాణం లోపల ఉంటే దానిమీద ఆమోద ముద్ర వేసే పద్ధతి ఉంది. కాలిఫోర్నియాలో మామూలు కార్ల ఎగ్జాస్ట్‌కి 95 డెసిబెల్స్ హద్దు పెట్టారు, కన్వర్టర్‌ని ప్రభావితం చేసే భాగాలకు వేరే అనుమతి కావాలి. అక్కడుంటున్న మనవాళ్లు ఈ తేడాని గమనించి కొనుక్కోవాలి. ఇక్కడ కూడా పరీక్షకి నిలిచిన సైలెన్సర్‌ని ఆర్సీలో రాయించుకునే సులువైన దారి ఉంటే, శ్రద్ధగా చేసేవాళ్లకీ అడ్డగోలుగా చేసేవాళ్లకీ తేడా తెలుస్తుంది. ఆ దారి ఏర్పడాలని నేను నిజంగా కోరుకుంటున్నాను. అది వచ్చేదాకా మాత్రం, నచ్చని చట్టమైనా చట్టమే.

వేగం, మోత రెండూ కావాలనుకునేవాళ్లకి శ్రీపెరంబుదూర్ దగ్గర మద్రాస్ ట్రాక్ ఉంది, కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది. అక్కడికి వెళ్లేటప్పుడు వేరే సైలెన్సర్ తీసుకెళ్లి బిగించుకుని, రోడ్డెక్కే ముందు కంపెనీది తిరిగి పెట్టుకోవచ్చు. నట్లు, బోల్టులతో బిగించే రకమైతే ఆ పని కష్టమేమీ కాదు. మన దేశం బయట, చట్టం ఒప్పుకున్న చోట మార్చుకునేవాళ్లు కన్వర్టర్ వెనక భాగానికే పరిమితమై, వాల్వ్ ఉన్నదే ఎంచుకోవాలి. కొనే ముందు అదే మోడల్ కారులో వెనక సీట్లో కూర్చుని, హైవే మీద టాప్ గేర్‌లో అరగంట వినాలి. దుకాణం ముందు ఖాళీగా రేజ్ చేసి చూపించే మోతతో దేన్నీ తేల్చుకోకూడదు. ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పు సంగతి రాతపూర్వకంగా తెలియజేయాలి. తీసిన పాత సైలెన్సర్‌ని గ్యాస్కెట్లు, క్లాంపులతో సహా దాచుకోవాలి. తర్వాత కారు కొనుక్కోవడానికి వచ్చేవాళ్లు దాన్నే అడుగుతారు.